బియ్యం డబ్బాలో కత్తి

ఆ రోజుల్లో అశోక్‌నగర్ సందుల్లో అద్దె గదులు తీసుకుని సర్కారు కొలువు కోసం చదివే మా బోటివాళ్ల దగ్గర పుస్తకాలు ఉండేవి, పాత ప్రశ్నపత్రాలు ఉండేవి, ఒక స్టవ్వు, రెండు గిన్నెలు, వంట కాస్తో కూస్తో చేతనైనవాడు ఒకడు ఉండేవాడు. మంచి కత్తి మాత్రం ఉండేది కాదు. ఉల్లిగడ్డను గడ్డం గీసుకునే బ్లేడుతో కోసినవాళ్లను నేను కళ్లారా చూశాను. గరిటె అంచుతో వంకాయలు నరికిన ఒక మహానుభావుడు తర్వాత పెద్ద ఆఫీసరయ్యాడు (ఇప్పటికీ ఎక్కడైనా ఆయన సంతకం కనపడితే నాకు ఆ వంకాయలే గుర్తొస్తాయి). అలాంటి పేటలో నా దగ్గర ఒక కత్తి ఉండేది. దాన్ని పద్ధతిగా చూసుకున్నందుకు నాకు జరిగిన అవమానం తలచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు మండుతుంది. తర్వాత నవ్వూ వస్తుంది. కానీ ముందు మండుతుంది, కాబట్టి ఆ వరసలోనే చెబుతాను.

మా నాయిన పాలమూరు వైపు పల్లెల్లో పెళ్లిళ్లకు వంట చేసేవాడు. ఆయన కత్తిని మా ఊరి కమ్మరి లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి చేశాడు. జానెడున్నర పొడుగు, తుమ్మకర్ర పిడి. గుమ్మడికాయ మీద పెడితే చాలు, మనం బలం పెట్టకుండానే అది దిగిపోయేది. అయితే అది బజార్లో దొరికే స్టీలు కత్తి కాదు. ఒక్క నీటిచుక్క మిగిలితే గంటలో ఎర్రబడేది. పెళ్లిళ్లు జోరుగా ఉన్న నెలల్లో దానికి తుప్పు పట్టే తీరిక కూడా ఉండేది కాదు. మూఢం వస్తేనో, ఆషాఢం వస్తేనో వచ్చేది చిక్కు. వంటకు పిలిచేవాళ్లు లేని ఆ రోజుల్లో నాయిన ప్రతి శనివారం కత్తిని గుడ్డలోంచి తీసి, వెలుతురుకు పెట్టి చూసి, తుడిచి, మళ్లీ నూనె రాసి చుట్టేవాడు. "పని ఉన్నప్పుడు దాన్ని అదే సూస్కుంటదిరా. పని లేనప్పుడే మనం సూస్కోవాలె" అనేవాడు. భుజం పట్టేసి ఆయన పెద్ద వంటలు మానుకున్న ఏడాదే నేను పట్నం బయల్దేరాను. బస్సెక్కేముందు ఆ కత్తిని నా చేతిలో పెట్టి, "నౌకరి వచ్చినంక నాకు తెచ్చియ్యి. ఇట్లనే తెచ్చియ్యాలె" అన్నాడు. నౌకరి సంగతి ఒక్క మాటలో తేల్చి, కత్తిని నిలువ పెట్టే పద్ధతి మాత్రం బస్సు కదిలేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఆ పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పని కాగానే కడగాలి, కడగ్గానే పొడిగుడ్డతో తుడవాలి (తడిగుడ్డతో తుడిచేవాళ్లతో నాకు మాటల్లేవు). స్టవ్వు సెగ మీద ఒక్క క్షణం అటూ ఇటూ చూపించి, చల్లారాక రెండు చుక్కల కొబ్బరినూనె పలచగా రాయాలి. పల్లినూనె పనికిరాదు, నాలుగు రోజులకు బంకలా సాగుతుంది. పాత పంచె గుడ్డలో చుట్టాలి. తోలు ఒర వద్దు, అది చెమ్మను దాచుకుంటుంది. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమట పడుతుంది. పేపరు అసలే వద్దు. ఆ మూటను బియ్యంలో నిలువునా దింపితే, మిగిలిన చెమ్మ ఏదన్నా ఉంటే బియ్యం లాక్కుంటుంది. ఇంతే. చదువుకున్నవాడికి ఇందులో అర్థం కానిది ఏమన్నా ఉందా? నాకైతే కనపడదు. కానీ మా గదిలో ఇది అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే.

మా గది ఒక మూడంతస్తుల ఇంటి డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఉండేది. ట్యాంకు ఏడాది పొడుగునా చెమర్చేది, దాన్ని చూసి మా గోడా చెమర్చేది. గదిలో ముగ్గురం. ఒకడు ఎప్పుడూ వాళ్ల ఊళ్లోనే ఉండేవాడు కాబట్టి అతణ్ణి వదిలేద్దాం. రెండోవాడు పేపరన్న. నల్గొండ వైపు మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. రోజూ నాలుగు పేపర్లు చదివి, కావలసినవి కత్తిరించుకుని, మిగిలినవి మంచం కింద తేదీల వారీగా పేర్చేవాడు. ఏ దేశంలో ఏ మంత్రి మారాడో నిద్రలో లేపినా చెప్పేవాడు గానీ, కత్తిని నీళ్లలో వదిలేయకూడదన్న సంగతి మాత్రం ఆయన బుర్రకెక్కేది కాదు. నేను చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా కూర్చుని వచ్చేసరికి మా నాయిన కత్తి పప్పుగిన్నెలో పిడిదాకా మునిగి ఉండేది. "ఇదేందన్నా?" అంటే, "నానవెట్టిన తమ్మీ, జిడ్డు మంచిగ పోతది" అనేవాడు. కత్తిని నానబెట్టడమేమిటి? శనగలనుకున్నాడా? ఒకసారి దాంతో పెయింటు డబ్బా మూత లేపాడు. ఇంకోసారి ఫ్యాను స్క్రూ బిగించాడు. మరోసారి నా మీద ప్రేమ కొద్దీ తనే కడిగి, తుడవకుండానే పేపర్లో చుట్టి పెట్టాడు. మూడో రోజు విప్పి చూస్తే కత్తి మీద ఎర్రటి తుప్పు, తుప్పు మీద పేపరు ముక్క అంటుకుపోయి తిరగేసిన అక్షరాలతో సగం వార్త. నేను ఏడవలేక ఇటుక పొడితో రుద్దుతుంటే ఆయన అద్దం తెచ్చి, "జర ఆగు తమ్మీ, ఇది నేను మిస్సైన వార్త" అని చదవబోయాడు.

కింది వాటాలో ఓనరమ్మ ఉండేది, గుంటూరు వైపు ఆవిడ. ఆవకాయ రోజుల్లో ఒక పొద్దున పైకొచ్చి, "నాలుగు కాయలే బాబూ, మా కత్తిపీట వదులైపోయింది, నీ కత్తి ఒక్క చిటికె ఇస్తే కొట్టుకుని పంపించేస్తాను" అంది. అద్దెకున్నవాడు కాదనగలడా? ఇచ్చాను. నాలుగు కాయలు నలభై అయ్యాయి. సాయంత్రం నేను వచ్చేసరికి కత్తి మెట్ల మీద పడి ఉంది, మామిడి పులుపుతోనే, ఉప్పు అంటుకుని, నల్లగా. నేను నోరు తెరవకముందే ఆవిడ, "కడిగితే తుప్పు పడుతుందన్నావుగా బాబూ, అందుకే కడగలేదు" అంది. ఇలాంటి మాటకు జవాబు ఏ పుస్తకంలో ఉంటుంది చెప్పండి. ఆ సాయంత్రమే నేనొక తెల్లకాగితం తీసుకుని, ఎర్ర స్కెచ్చు పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి, స్టవ్వు పైన గోడకు అతికించాను:

"కత్తి ముట్టినవారు పని కాగానే కడిగి తుడవాలి. మరక కనపడకూడదు. నూనె రాసి, గుడ్డలో చుట్టి, బియ్యంలో పెట్టాలి. బయటివాళ్లకు ఇవ్వకూడదు. మాట తప్పినవారిని ఊరికే వదలను."

కింద తేదీ వేసి సంతకం కూడా పెట్టాను (సంతకం ఎందుకంటే ఏం చెప్పను, ఆఫీసరు కావాలన్న ఆశ అలాంటిది). పేపరన్న చదివి, "భాష మంచిగున్నది తమ్మీ. కాని అన్నం తలనూనె వాసనొస్తున్నది, దానికేమన్న రూల్ రాయి" అన్నాడు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. బంద్ లేని వారం ఉండేది కాదు. ఎక్కడ రాయి పడినా పోలీసులు ముందు మా గదుల వైపే చూసేవాళ్లు. ఒక పొద్దున పది గంటలప్పుడు ఒక హెడ్ కానిస్టేబులూ ఇద్దరు కానిస్టేబుళ్లూ వరసగా గదులు చూసుకుంటూ మా డాబా మీదికి వచ్చారు. నాకు తొమ్మిది రోజుల్లో పరీక్ష ఉంది. హెడ్డు సాబు వయసు మళ్లిన మనిషి, మూడంతస్తులు ఎక్కిన ఆయాసంతో ముందు మంచం మీద కూర్చుని నీళ్లడిగాడు. కానిస్టేబుళ్లు పేపర్ల కట్టలు లాగి చూశారు. ఇన్నేళ్లకు తన పేపర్ల మీద ఒకరికి ఆసక్తి కలిగిందని పేపరన్న సంబరపడిపోయి ఏ కట్టలో ఏ నెల ఉందో వివరించడం మొదలుపెట్టాడు. అది వినలేక హెడ్డు సాబు లేచి, మూలనున్న బియ్యం డబ్బా మూత తీసి లాఠీతో పొడిచాడు. బియ్యంలో లాఠీ మెత్తగా దిగాలి కదా. టంగుమంది.

ఆయన చెయ్యి పెట్టి మూట బయటికి లాగాడు. పంచె గుడ్డ విప్పాడు. నూనెతో మెరుస్తూ జానెడున్నర కత్తి బయటపడింది. ఎంత శుభ్రంగా ఉందంటే, కానిస్టేబుళ్లిద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఏందిర ఇది?"

"కూరగాయల కత్తి సార్."

"కూరగాయల కత్తికి గుడ్డ చుట్టి, నూనె వెట్టి, బియ్యంల దాస్తర్ర?"

"దాయలేదు సార్, నిలువ వెట్టిన. తుప్పు పట్టకుంట."

"మా ఇంట్ల గూడ కత్తి ఉన్నదిర. కడిగి గిన్నెల బుట్టల పడేస్తం. బియ్యంల వెట్టం."

ఇక్కడ నేను నోరు మూసుకోవాలి. బుద్ధున్నవాడు ఎవడైనా మూసుకుంటాడు. "తడిగ బుట్టల పడేస్తే కరాబైతది సార్, గట్ల చెయ్యొద్దు" అన్నాను. హెడ్డు సాబు నా వైపు ఒకసారి చూసి, పేపరన్న వైపు తిరిగి, "ఇది నీదా?" అన్నాడు. పేపరన్న రెండు చేతులూ పైకెత్తాడు.

"నాది కాదు సార్, తమ్మునిదే. మేం ముట్టం సార్. ముడితే కొట్టనీకొస్తడు."

అబద్ధం కాదు. ఒకసారి గరిటె పట్టుకుని మీదికి వెళ్లిన మాట నిజమే. కానీ ఏ సందర్భంలో వెళ్లానో, పప్పుగిన్నె సంగతేమిటో చెప్పాలా వద్దా? రాజ్యాంగంలో అధికరణాలు వరసగా అప్పజెప్పేవాడికి ఆ ఒక్క ముక్క గుర్తు రాలేదా? నేను పళ్లు కొరుకుతుండగానే కానిస్టేబుల్ ఒకడు, "సార్, ఇటు సూడుండ్రి" అని గోడ చూపించాడు. హెడ్డు సాబు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క ముక్కే పైకి చదివాడు. "మరక కనపడకూడదు... ఏం మరకరా?"

"చింతపండు సార్."

"చింతపండు!" కానిస్టేబుళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "బయటివాళ్లకు ఇవ్వకూడదు... బయటోళ్లంటే ఎవలు?"

"ఓనరమ్మ సార్."

"ఊరికే వదలను... ఓనరమ్మనా?" హెడ్డు సాబు కాగితాన్ని జాగ్రత్తగా గోడ నుంచి ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "సంతకం గూడ వెట్టినవు, శాన మంచిది. నడు."

జీపులో కూర్చున్నాక గానీ నాకు భయం తెలియలేదు. మా పేటలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది: ఒక్క కేసు పడితే, పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా, నౌకరి ఇచ్చేముందు పోలీసులు చేసే విచారణలో పేరు కొట్టేస్తారు. అలా పోయినవాళ్లను చూశాం కూడా. నాయిన భుజం, అమ్మ పంపే పచ్చడి డబ్బాలు, మూడేళ్ల చదువు, అన్నీ ఆ హెడ్డు సాబు జేబులో నాలుగు మడతల కాగితమైపోయాయి. నారాయణగూడ చౌరస్తా దగ్గర జీపు ఆగినప్పుడు బస్సులో జనం నన్ను తొంగి చూశారు. దిగి ప్రతి ఒక్కరికీ కత్తి ఎలా నిలువ పెట్టాలో చెప్పాలనిపించింది.

స్టేషన్లో నా పేరు, ఊరు, తండ్రి పేరు రాసుకున్నారు. "తండ్రి ఏం చేస్తడు?" అంటే "వంట" అన్నాను. ఎస్సై వచ్చేదాకా కూర్చోమని బెంచీ చూపించారు. కత్తి హెడ్డు సాబు టేబులు మీద, గుడ్డ లేకుండా, అడ్డంగా పడి ఉంది. కానిస్టేబుల్ ఒకడు తాగుతున్న టీ గ్లాసును తెచ్చి సరిగ్గా దాని మీద పెట్టాడు. అడుగు తడిగా ఉన్న గ్లాసు! నేను కూర్చోలేకపోయాను. "అన్నా, జర గ్లాసు పక్కకు..." అన్నాను. "ఏయ్, కూసో" అన్నాడు. కూర్చున్నాను. గ్లాసు తీశాక కత్తి మీద గుండ్రంగా తడి గుర్తు మిగిలింది. నా మీద కేసు రాస్తారన్న భయం ఒక పక్క, ఆ గుండ్రం ఎర్రబడటానికి ఇంకెంతసేపు పడుతుందన్న లెక్క ఇంకో పక్క. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ బాధపెట్టింది.

మధ్యాహ్నం హెడ్డు సాబు టిఫిను డబ్బా విప్పాడు. జొన్నరొట్టె, పప్పు. ఉల్లిగడ్డ తీసి పెట్టుకుని, సొరుగు లాగి, ప్లాస్టిక్ కవర్లోంచి ఒక పేపరు పొట్లం, పొట్లంలోంచి ఒక చిన్న కత్తి తీశాడు. అది కత్తో, కాలువలో దొరికిన రేకో తెలియనంతగా తుప్పు పట్టి ఉంది. దాన్ని ఉల్లిగడ్డ మీద పెట్టబోయాడు.

"సార్, ఆగుండ్రి!"

ఎంత గట్టిగా అరిచానంటే స్టేషనంతా ఆగింది. "పేపర్ల చుట్టి, దాన్ని కవర్ల వెట్టి, దానితోని ఉల్లిగడ్డ కోసుకొని తింటరా సార్? పానం మీద ఆశ లేదా మీకు? గింత చదువుకున్నోళ్లు గిదేం పని సార్?"

తిడుతున్నది ఎవరినో, ఎక్కడ కూర్చుని తిడుతున్నానో నాకు గుర్తుకు రావడానికి కొంచెం సమయం పట్టింది. హెడ్డు సాబు కత్తిని చూశాడు, నన్ను చూశాడు, ఉల్లిగడ్డను చూశాడు. "మరి ఏం చెయ్యమంటవ్‌ర?" అన్నాడు మెల్లగా. ఆ గొంతులో మొదటిసారి లాఠీ లేదు. అంతే, నేను బెంచీ మీంచి లేచాను. పెరట్లోంచి ఇటుక ముక్క తెప్పించాను. ఉప్పు, నిమ్మచెక్క అడిగాను. తుప్పంతా రుద్ది, కడిగి, నా రుమాలుతోనే తుడిచి, టీ కాచే స్టవ్వు మీద సెగ చూపించాను. కొబ్బరినూనె కావాలంటే ఒక కానిస్టేబుల్ సంచీలోంచి తలకు రాసుకునే సీసా తీసిచ్చాడు. పనిలో పనిగా మా నాయిన కత్తి మీద టీ గ్లాసు గుండ్రాన్ని కూడా తుడిచేశాను. కానిస్టేబుళ్లు చుట్టూ చేరి, "పల్లినూనె ఎందుకు వెట్టొద్దు?" "జొన్నల డబ్బల పెడితే ఏమైతది?" అని అడుగుతుంటే, లైబ్రరీలో ఎవరూ నాకు చూపని గౌరవంతో అడుగుతుంటే, నేను అన్నీ మరిచిపోయి చెబుతున్నాను. సరిగ్గా అప్పుడే ఎస్సై లోపలికి వచ్చాడు.

అందరూ చటుక్కున నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను, కుడి చేతిలో ఒక కత్తి, ఎడమ చేతిలో ఒక కత్తి. ఎస్సై చెయ్యి నడుము మీదికి వెళ్లింది.

"ఏం లేదు సార్, ఏం లేదు! తుప్పు తీస్తున్నడు" అన్నాడు హెడ్డు సాబు కంగారుగా.

"ఎవడు వీడు?"

"పొద్దుగాల అశోక్‌నగర్ల దొరికిండు సార్, కత్తి బియ్యంల వెట్టిండని తెచ్చినం. కాని ఈ పోరడు గసొంటోడు కాదు సార్. కత్తి మీద గింత పానం వెట్టుకున్నోడు దాన్ని మనిషి మీదికి తియ్యడు. కరాబైతదని భయం సార్ ఈనికి."

ఎస్సై నా మొహం వైపు కాసేపు చూశాడు. నవ్వాపుకుంటున్నాడని నాకు అర్థమైంది, దానికి కూడా కోపమొచ్చింది. "పంపియ్యి. కత్తి మాత్రం ఉంచు, గడబిడ తగ్గినంక ఇద్దాం" అని లోపలికి వెళ్లిపోయాడు. తప్పు చెయ్యని మనిషిని వదిలేశారు సరే, తప్పు చెయ్యని కత్తిని ఎందుకు ఉంచుకోవాలి? అది అడగబోతే హెడ్డు సాబు నోటికి వేలు అడ్డం పెట్టాడు. నేను కనీసం, "గుడ్డల చుట్టి వెట్టుండ్రి సార్, శనివారం శనివారం నూనె..." అన్నాను. "పో నాయనా, లేకుంటె నిన్ను గూడ గుడ్డల చుట్టి వెడతం" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, "కేసు రాసిన్రా సార్?" అని అడిగాను. "నీ ఎగ్జాం నువ్వు రాస్కో పో" అన్నాడు. అవునా, కాదా? ఆ ఒక్క జవాబు ఇవ్వకుండా జొన్నరొట్టె విరుచుకున్నాడు.

పదిహేను రోజుల తర్వాత వెళ్తే కత్తి ఇచ్చారు. ఎక్కడినుంచి తీశారనుకున్నారు? మూలన పడేసిన తడి రెయిన్‌కోట్ల కిందినుంచి. పిడి పక్కన శనగగింజంత మేర తుప్పు లోపలికి తినేసింది. పైన ఎర్రదనం రుద్దితే పోయింది గానీ, ఆ గుంట పోలేదు. ఆదివారమంతా ఇటుక పొడితో రుద్దాను, అది అలాగే నా వైపు చూస్తూ ఉంది. ఆ పరీక్ష పోయింది (కత్తి వల్ల కాదులెండి, పోవడానికి కారణాలన్నీ సిలబస్‌లోనే ఉన్నాయి). నాయినకు ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన, "కత్తి మంచిగున్నదా?" అనేవాడు, నేను "మంచిగున్నది" అనేవాణ్ణి. అబద్ధమాడినందుకు నా మీద, ఆడించినందుకు పోలీసుల మీద, మేం ముట్టం సార్ అన్నందుకు పేపరన్న మీద, రెండేళ్లు కోపంగానే చదివాను. ఆ స్టేషన్లో ఏ కాగితంలో నా పేరు ఏమని ఉందో అన్న దిగులు చదివినంతసేపూ పక్కనే కూర్చునేది.

రెండేళ్లకు గుమాస్తా కొలువు వచ్చింది. విచారణకు పోలీసులు వస్తారని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఒక మధ్యాహ్నం డాబా మెట్ల మీద ఆయాసం వినపడింది. తలుపు తీస్తే, అదే హెడ్డు సాబు. చేతిలో నా కాగితాలు. లోపలికి వచ్చి, అదే మంచం మీద కూర్చుని, నీళ్లు తాగి, నా కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు. చివరికి, "కత్తి ఏది?" అన్నాడు.

బియ్యం డబ్బాలోంచి తీసి ఇచ్చాను. గుడ్డ విప్పి, వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. నా ఎర్ర స్కెచ్చు పెన్ను అక్షరాలు, నా సంతకం. "స్టేషన్ల నీ పేరు మీద ఉన్నది గిదొక్కటే. ఇది గూడ నా జేబులనే ఉండె. కొన్ని దినాలు మా వంటింట్ల అంటువెట్టిన, మా ఆమె తిట్టి తీసేసింది. తీస్కో" అన్నాడు. ఆయన ఫారం తీసి రాయబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు పక్కనున్న సంచీలో చెయ్యి పెట్టి, "ఆఁ, మా ఇంటి కత్తి గూడ జర సూడు" అని ఒక పొట్లం తీశాడు. పేపరు పొట్లం.

"మల్ల పేపర్ల చుట్టినరా సార్! ఎన్నిసార్లు చెప్పాలె మీకు?"

ఆయన పెన్ను ఆగింది. ఐదేళ్ల చదువు, నాయిన భుజం, అన్నీ ఆ పెన్ను మొన మీద నిలబడ్డాయి. హెడ్డు సాబు ముందు భుజాలతో నవ్వాడు, తర్వాత పొట్టతో నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ప్రవర్తన మంచిదని రాస్తున్న. కోపం జర ఎక్కువ అని రాయనీకి ఇందుల జాగ లేదు" అని సంతకం పెట్టాడు.

ఆ వారమే ఊరికి వెళ్లాను. నాయినకు నౌకరి కాగితం, కత్తి రెండూ ఒకేసారి ఇచ్చాను. కాగితాన్ని పక్కన పెట్టి ముందు కత్తి గుడ్డ విప్పాడు. బొటనవేలితో కత్తి పొడుగునా నిమురుకుంటూ వచ్చి, పిడి పక్కన ఆగాడు. "ఇదేంది?" అన్నాడు. రెండేళ్లుగా దాచుకున్నదంతా కక్కేశాను: లాఠీ, జీపు, టీ గ్లాసు, రెయిన్‌కోట్లు. నన్ను స్టేషన్‌కు తీసుకుపోయారని విని ఆయన ఏమైపోతాడోనని భయపడుతూ చెప్పాను. ఆయన మొహం నిజంగానే ఎర్రబడింది.

"పదిహేను దినాలా?" అన్నాడు. "పదిహేను దినాలు నూనె వెట్టకుంట ఉంచిన్రా? ఏం మనుషులురా వాళ్లు? పోలీసోళ్లకు గీ మాత్రం తెల్వదా?"

ఆయన వాళ్లను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఒక్కొక్కటీ వింటుంటే, అశోక్‌నగర్ గదిలో పేపరన్న మీదికి గరిటె పట్టుకుని వెళ్లినవాడి గొంతు నాకు స్పష్టంగా వినపడింది. తిట్టడం అయ్యాక లేచి కొబ్బరినూనె తెచ్చుకుని, గుంటలో ఒక చుక్క వేసి, వేలితో అద్ది, తల ఎత్తకుండానే అడిగాడు.

"నిన్ను కొట్టిన్రా?"

"లేదు నాయినా."

"ఊఁ" అని, ఇంకో చుక్క నూనె వేసి, నిదానంగా గుడ్డ చుట్టాడు. ఆ ఒక్క మాట అడగడానికి ఆయనకు అంతసేపు పట్టిందని నాకు ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు తెలియలేదు. అప్పుడు నేను ఆయన నూనె ఎక్కువ వేస్తున్నాడేమో అని చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు మా ఇంట్లో తుప్పు పట్టని స్టీలు కత్తులు నాలుగున్నాయి, వాటిని ఎవరు ఎక్కడ పడేసినా నాకు పట్టదు. వంటింటి గోడకు నాలుగు మడతల ఆనవాళ్లున్న ఒక పాత కాగితం మాత్రం అద్దం కట్టించి పెట్టుకున్నాను. అందులోని చివరి వాక్యం చదివినప్పుడల్లా, ఎవరినీ ఏమీ చెయ్యలేక అందరి మీదా మండిపడ్డ ఆ కుర్రాణ్ణి పిలిచి ఒక టీ తాగించాలనిపిస్తుంది. గ్లాసు ఎక్కడ పెడతాడో చూసుకుంటాను.